మంచి డాక్టరు: వియత్నాం యుద్ధపత్రాల్లో ఒక ఉపమానం

1965 మార్చిలో అమెరికా రక్షణశాఖ సహాయ కార్యదర్శి జాన్ మెక్‌నాటన్, తన పై అధికారి రాబర్ట్ మెక్‌నమారా కోసం ఒక చిత్తుపత్రం తయారుచేశాడు. దక్షిణ వియత్నాంలో మనం ఎందుకున్నాం అన్న ప్రశ్నకు అందులో జవాబు శాతాల్లో ఉంది. అవమానకరమైన ఓటమిని తప్పించుకోవడానికి 70 శాతం. ఆ నేల చైనా చేతికి చిక్కకుండా చూడటానికి 20 శాతం. అక్కడి ప్రజలకు మెరుగైన, స్వేచ్ఛాయుతమైన బతుకు దక్కడానికి 10 శాతం. ఆ రోజుల్లోనే ఆయన రాసిన కాగితాల్లో ఇంకొక వాక్యం ఉంది. ఆగ్నేయాసియాలో రాబోయే ఏళ్లలో పరిస్థితి ఎంత దిగజారినా సరే, అమెరికా మాత్రం ఒక 'మంచి డాక్టరు'గా బయటపడాలన్నది దాని సారాంశం. ఇచ్చిన మాట నిలుపుకున్నట్టు, గట్టిగా నిలబడినట్టు, ప్రమాదాలకు తలొగ్గనట్టు, తానూ నెత్తురు చిందించినట్టు, శత్రువును బలంగా దెబ్బకొట్టినట్టు లోకానికి కనబడాలి.

ముప్ఫై ఏళ్లుగా వైద్యం చేసుకుంటున్నవాణ్ణి. యుద్ధ వ్యూహాల మీద తీర్పు చెప్పేటంతటి చదువు నాకు లేదు. కానీ ఎవరు ఏ సందర్భంలో డాక్టరు అన్న మాట వాడినా ఒక్క క్షణం ఆగి చూడటం అలవాటయింది. ఈ వాక్యం దగ్గర నన్ను ఆపింది అందులో రోగి లేకపోవడం. డాక్టరు మంచివాడనిపించుకోవాలన్న ఆరాటమంతా ప్రధానవాక్యంలో ఉంది. రోగి గతి 'ఎంత దిగజారినా సరే' అన్న ఉపవాక్యంలో సర్దుకుపోయింది. శాతాల లెక్కలోనూ రోగి వాటా పదే.

ఆ యుద్ధం గురించి ప్రభుత్వం లోపలా బయటా వెలువడిన రాతల్లో వైద్యానికి చెందిన ఉపమానాలు నాకు మూడు కనిపించాయి. ఒకటి మెక్‌నాటన్ మంచి డాక్టరు. రెండవది జార్జ్ బాల్ కోబాల్ట్ చికిత్స. మూడవది జేమ్స్ థామ్సన్ శవపరీక్ష. రాబర్ట్ మెక్‌నమారా 1995లో ప్రచురించిన 'ఇన్ రెట్రాస్పెక్ట్' అన్న జ్ఞాపకాల పుస్తకాన్ని ఈ మూడింటి వెలుగులో మళ్ళీ చదవాలన్నది ఈ వ్యాసం ప్రయత్నం. పుస్తకం వచ్చి ముప్ఫై ఏళ్లు దాటింది. వచ్చిన కొత్తలో దాని మీద కోపంతో రాసినవారే ఎక్కువ. ఆ కోపం న్యాయమైనదే కాని, దానివల్ల పుస్తకాన్ని పుస్తకంగా చదవడం కొంత వెనకబడింది.

మన భాషలో మందు అంటే రోగికిచ్చేదీ అవుతుంది, తుపాకిలో కూరేదీ అవుతుంది. తెలుగు మీడియంలో చదువుకున్న రోజుల్లో ఇది మాకొక పరాచికం. ఇంగ్లీషులో ఆ రెండూ వేరువేరు మాటలు కాబట్టి, కలపాలంటే ఉపమానం అవసరమవుతుంది. పెంటగాన్ ఆ ఉపమానాన్ని ధారాళంగానే వాడుకుంది. 'సర్జికల్' అన్న విశేషణం బాంబుదాడులకు అతుక్కుపోయి ఇవాళ తెలుగు పత్రికల్లోకి కూడా వచ్చేసింది. నిజంగా శస్త్రచికిత్స చేసే మిత్రులెవరైనా ఆ మాట వింటే నవ్వుతారు. వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, కత్తి పెట్టాక ఎంత నెత్తురు పోతుందో.

*

ఒక వ్యూహం మీద అనుమానం రెండు రకాలుగా ఉండవచ్చు. మందు సరైనదే, మోతాదు చాలలేదన్నది ఒకటి. రోగనిర్ధారణే తప్పన్నది రెండవది. వియత్నాం విషయంలో ఈ రెండూ పుష్కలంగా వినిపించాయి. వాటిని విడదీయకపోతే 'యుద్ధాన్ని వ్యతిరేకించినవాళ్లు' అని అందరినీ ఒకే గాటన కట్టేస్తాం.

మోతాదు వాదం ముఖ్యంగా సైనికులది. ఉత్తర వియత్నాం మీద 1965 మార్చి 2న మొదలైన 'రోలింగ్ థండర్' బాంబుదాడులను మెట్టుమెట్టుగా పెంచుతూ పోవడం సైన్యాధిపతులకు నచ్చలేదు. కొడితే ఒక్కసారే గట్టిగా కొట్టాలన్నారు. యుద్ధం ముగిశాక కర్నల్ హ్యారీ సమ్మర్స్ 1982లో వెలువరించిన 'ఆన్ స్ట్రాటజీ' ఈ వాదానికి పాండిత్యం జోడించింది. గెరిల్లాల వెంట పరుగులు తీయకుండా ఉత్తరం నుంచి వచ్చే సేనను అడ్డగించి ఉండవలసిందని ఆయన అభిప్రాయం. ఆ తరువాత 1997లో హెచ్. ఆర్. మెక్‌మాస్టర్ రాసిన 'డెరిలిక్షన్ ఆఫ్ డ్యూటీ', తమకున్న అనుమానాలను ప్రెసిడెంట్ ముందు నిక్కచ్చిగా చెప్పని సైన్యాధిపతులనే బోనులో నిలబెట్టింది.

నిర్ధారణ తప్పన్నవాళ్లు తక్కువమందే కాని, ముందునుంచీ ఉన్నారు. ఢిల్లీలో అమెరికా రాయబారిగా ఉన్న ఆర్థికశాస్త్రవేత్త గాల్‌బ్రెయిత్ 1962లోనే కెనడీకి రాసి హెచ్చరించాడు. విదేశాంగశాఖకు చెందిన పాల్ కాటెన్‌బర్గ్ 1963 ఆగస్టు చివర జరిగిన ఒక సమావేశంలో గౌరవంగా వెనక్కి రావడం మంచిదేమో అన్నాడు. పెద్దలు ఆ మాటను అక్కడే తుంచేశారు. వీరందరిలోనూ పట్టు వదలకుండా చెప్పినవాడు విదేశాంగశాఖ ఉపమంత్రి జార్జ్ బాల్. 1964 అక్టోబరులో ఆయన రాసిన సుదీర్ఘమైన పత్రం చూసి మెక్‌నమారా ఉలిక్కిపడ్డాడంటారు. అందులోని వాదన కన్నా, అటువంటి వాదన కాగితం మీదకు ఎక్కడం ఆయన్ను ఎక్కువ కలవరపెట్టింది.

1965 జులై 21న శ్వేతసౌధంలో జరిగిన సమావేశంలో బాల్ చెప్పిన మాటలు ఆనాటి నోట్సులో ఉన్నాయి. ఈ యుద్ధాన్ని సాగదీయడం, చివరి దశలో ఉన్న కేన్సరు రోగికి కోబాల్ట్ చికిత్స చేయడం వంటిదన్నాడు. సుదీర్ఘ యుద్ధం వల్ల బయటపడేది మన బలం కాదు, బలహీనత అన్నాడు. మనం వెనక్కి వస్తే కాగితపు పులి అనరా అని జాన్సన్ అడిగితే, ప్రపంచంలోకెల్లా బలమైన దేశం గుప్పెడు గెరిల్లాలను ఓడించలేకపోయిందన్న మాట అంతకన్నా చేటు కదా అని ఎదురడిగాడు. వారం తిరక్కుండానే, జులై 28న, వియత్నాంలో సైన్యాన్ని 1,25,000కు పెంచుతున్నట్టు జాన్సన్ ప్రకటించాడు.

కోబాల్ట్ యంత్రాలు ఆస్పత్రుల్లోకి వచ్చింది 1951లో. మన ఊళ్లలో ఇప్పటికీ దాన్ని కరెంటు పెట్టించడం అంటారు. బాల్ వాడిన ఉపమానం మెక్‌నాటన్‌ది కన్నా మెరుగైనది. ఇందులో రోగి ఉన్నాడు, రోగానికొక దశ ఉంది, చికిత్సకు హద్దుంది. అయితే ఒక లోపం కూడా ఉంది. కోబాల్ట్ వద్దు సరే, మరేం చేయాలన్న దానికి ఆ పోలికలో జవాబు లేదు. అది బాల్ తప్పు కూడా కాదు. చికిత్స ఆపాక రోగిని ఎలా చూసుకోవాలన్న విద్య అప్పటికి వైద్యంలోనే సరిగా లేదు. సిసిలీ సాండర్స్ లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది 1967లో. 1965లో అమెరికన్ ఆస్పత్రిలో చికిత్స ఆపడమంటే చేతులెత్తేయడమే. చేతులెత్తేసినవాడు మంచి డాక్టరు కాడు. కాబట్టి బాల్ ఎంత చక్కగా వాదించినా, ఆ గదిలో కూర్చున్నవాళ్లకు వినబడింది ఓటమి అన్న ఒక్క మాటే.

*

మెక్‌నమారా లెక్కల మనిషి. హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో పాఠాలు చెప్పాడు. రెండవ ప్రపంచయుద్ధంలో వైమానికదళానికి గణాంకాలు కట్టాడు. ఫోర్డ్ కంపెనీకి అధ్యక్షుడైన కొద్ది వారాలకే కెనడీ పిలుపు అందుకుని రక్షణమంత్రి అయ్యాడు. సరిహద్దురేఖ లేని యుద్ధంలో ముందుకు వెళుతున్నామా వెనక్కి జారుతున్నామా అని తెలుసుకోవడానికి ఏదో ఒక కొలత కావలసివచ్చింది. ఆ కొలత శవాలయింది. శత్రువు భర్తీ చేసుకోగలిగిన దానికన్నా వేగంగా చంపగలిగితే ఒక దాటుబిందువు వస్తుంది, అక్కడినుంచి గెలుపు కాలం మీద ఆధారపడిన విషయమే అన్నది జనరల్ వెస్ట్‌మోర్లాండ్ లెక్క. 1967 ఏప్రిల్‌లో ఆయన జాన్సన్‌కు, ఉత్తరాన రెండు రాష్ట్రాలు మినహా ఆ బిందువును చేరుకున్నామని చెప్పాడు.

దీన్ని వైద్యంలో ప్రత్యామ్నాయ కొలమానం అంటాం. రోగి బతుకుతాడా అన్నది తేలడానికి ఏళ్లు పడుతుంది కనుక, అందాక రక్తపోటో చక్కెరో కొలిచి తృప్తిపడతాం. చాలాసార్లు అది పనికొస్తుంది. పనికిరానప్పుడు ఏమవుతుందో హృద్రోగ నిపుణులు మరచిపోలేని ఉదాహరణ ఒకటుంది. గుండెపోటు తరువాత వచ్చే అదనపు స్పందనలను అణిచే మందులను 1980లలో విరివిగా వాడేవారు. ఆ స్పందనలున్నవాళ్లు హఠాత్తుగా చనిపోయే అవకాశం ఎక్కువ కాబట్టి వాటిని అణిస్తే మరణాలు తగ్గుతాయన్నది తర్కం. ఈ.సి.జి. చూస్తే మందు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. చివరకు కాస్ట్ అనే పరిశోధనలో 1,498 మందిని రెండు భాగాలుగా చేసి సగంమందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూస్తే, ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ మందులు వేసుకున్న 755 మందిలో 63 మంది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 743 మందిలో 26 మంది చనిపోయారు. కొలత బాగుపడింది, మనుషులు పోయారు.

శవాల లెక్క దీనికన్నా అధ్వాన్నం. ఈ.సి.జి. కనీసం అబద్ధం చెప్పదు. వియత్నాంలో చనిపోయినవాడు సైనికుడా రైతా అని తేల్చేది చంపినవాళ్లే, ఆ అంకె మీద ఆధారపడేది వాళ్ల పై అధికారి పదోన్నతే. యుద్ధంలో నాయకత్వం వహించిన జనరళ్లను డగ్లస్ కినార్డ్ అనే మాజీ సైన్యాధికారి తరువాత ప్రశ్నావళితో అడిగితే, ఆ లెక్కలను తరచుగా పెంచి చెప్పేవారని ఎక్కువమంది ఒప్పుకున్నారు. అది 1977లో 'ది వార్ మేనేజర్స్' అన్న పుస్తకంగా వచ్చింది.

హారంలో కూడా గారడీ జరిగింది. శత్రుసేన ఎంత అన్న విషయం మీద 1967లో సి.ఐ.ఎ.కూ సైగాన్‌లోని సైనిక కార్యాలయానికీ పెద్ద తగవు నడిచింది. గ్రామాల్లోని స్థానిక దళాలను కూడా కలిపితే సంఖ్య సైన్యం చెబుతున్నదానికి రెట్టింపు దాకా ఉండవచ్చని శామ్ ఆడమ్స్ అనే విశ్లేషకుడు మొత్తుకున్నాడు. సైన్యం ఆ దళాలను పట్టికనుంచి తొలగించి, మూడు లక్షల లోపు అంకెను నిలబెట్టుకుంది. ఆస్పత్రి మరణాల శాతం తగ్గించాలంటే రెండు దారులు: రోగులను బాగుచేయడం, లేదా పోయేవాళ్లను లెక్కలోకి రాకుండా చూడటం. ఈ వృత్తిలో ఉన్న పాఠకులకు రెండవ దారి గురించి నేను చెప్పనక్కరలేదు. 1968 జనవరి చివర టెట్ పండుగనాడు, లెక్కలో లేనివాళ్లతో సహా అందరూ ఒక్కసారి పట్టణాల మీద పడ్డారు.

*

ఇక మెక్‌నమారా పుస్తకం. తాము తప్పు చేశామని, ఘోరంగా తప్పు చేశామని, ఎందుకు చేశారో తరువాతి తరాలకు చెప్పవలసిన బాధ్యత తమకుందని ఆయన ముందుమాటలోనే రాశాడు. అంతటి పదవిలో ఉన్నవాడు అంత సూటిగా ఒప్పుకోవడం అరుదు, ఆ గౌరవం ఆయనకివ్వాలి. 1965 డిసెంబరులో, సైనికంగా ఎంత చేసినా గెలుపు ఖాయం కాదా అని జాన్సన్ అడిగినప్పుడు కాదనే తాను చెప్పానని కూడా రాశాడు. ఆ తరువాత ఆయన మరో రెండేళ్లకు పైగా ఆ పదవిలో ఉన్నాడు. 1965 చివర సుమారు 1,84,000 ఉన్న సైన్యం 1967 చివరకు 4,85,000 దాటింది.

కథనంలో నన్ను ఇబ్బందిపెట్టింది వాక్యాల కర్త. ప్రశ్నలు అడగబడలేదు, ఊహలు పరీక్షించబడలేదు, చర్చ జరగలేదు. తెలుగులో ఇటువంటి కర్మణి వాక్యం రాస్తే మా తెలుగు మాస్టారు బెత్తంతో అడిగేవారు, ఎవరిచేత అని. ప్రశ్నలు అడగబడలేదన్నది నిజం కాదు కూడా. బాల్ అడిగాడు. ఇండోచైనా గురించి తెలిసినవాళ్లు తమకు లేరని, మెకార్తీ రోజుల్లో ఆసియా నిపుణులను తరిమేశారని మెక్‌నమారా చెప్పుకున్న సంజాయిషీలో సగం నిజముంది. కాని కాటెన్‌బర్గ్ ఆ శాఖలోనే ఉన్నాడు. ఇండోచైనా మీద పుస్తకాలు రాసిన బెర్నార్డ్ ఫాల్ వాషింగ్టన్‌లోనే పాఠాలు చెబుతూ ఉండేవాడు, 1967 ఫిబ్రవరిలో వియత్నాంలో మందుపాతర పేలి చనిపోయేదాకా. పిలిస్తే పలికే దూరమే. పుస్తకం చివర మెక్‌నమారా పాఠాలను వరుసగా అంకెలు వేసి పెట్టాడు. చదువుతుంటే ఆస్పత్రిలో మరణం తరువాత జరిగే సమీక్షా సమావేశం గుర్తుకొచ్చింది. అక్కడ కూడా 'వ్యవస్థాగత లోపం' అన్న మాట మొదటి అయిదు నిమిషాల్లోనే వస్తుంది.

1965 నవంబరు 2న నార్మన్ మారిసన్ అనే క్వేకరు, పెంటగాన్‌లో మెక్‌నమారా గది కిటికీకి దగ్గరలోనే, పసిబిడ్డ అయిన కూతురిని వెంటబెట్టుకొచ్చి, ఒంటికి నిప్పంటించుకుని చనిపోయాడు. బిడ్డ బతికింది. దాని గురించి రాసిన పేజీల్లోనే పుస్తకం మొత్తానికి మనిషి గొంతు వినిపిస్తుంది. తన భార్యాబిడ్డల మనసులోనూ అవే ప్రశ్నలున్నాయని తెలిసీ వాళ్లతో మాట్లాడలేకపోయానని, భావాలను లోపలే బిగబట్టుకున్నానని రాశాడు. ఆ పేజీలు దాటగానే మళ్ళీ పత్రాలు, తేదీలు, సమావేశాలు.

మౌనమే అసలు ప్రశ్న. 1968 ఫిబ్రవరి 29న ఆయన పదవినుంచి దిగి ప్రపంచబ్యాంకుకు వెళ్లాడు. ఆ యుద్ధంలో చనిపోయిన 58,220 మంది అమెరికన్లలో సగానికి పైగా ఆయన దిగిపోయాకే చనిపోయారు. వియత్నామీయుల లెక్క దీనికి ఎన్నో రెట్లు. 1995 వరకు ఆయన నోరు విప్పలేదు. ప్రెసిడెంట్‌ను ప్రజలు ఎన్నుకున్నారు, నన్ను ఆయన నియమించాడు, నా విధేయత ఆయనకే అన్నది ఆయన సమర్థన.

ఈ వాదం మనకు కొత్తది కాదు. తిక్కన చేతి మీదుగా మనం చదువుకున్న భారతంలో భీష్ముడిది ఇదే స్థితి. ఉద్యోగపర్వమంతా ఆయన యుద్ధం వద్దనే చెబుతాడు, యుద్ధం మొదలయ్యాక పదిరోజులు సేనాపతిగా నిలిచి పోరాడుతాడు. నమస్కరించడానికొచ్చిన ధర్మరాజుతో, మనిషి అర్థానికి దాసుడు, కౌరవుల అర్థానికి నేను కట్టుబడిపోయాను అని నిజం చెప్పేస్తాడు. విదురుడు ఆయుధం పట్టలేదు. బలరాముడు తీర్థయాత్రకు వెళ్లిపోయాడు. ద్యూతసభలో ద్రౌపది పక్షాన మాట్లాడిన వికర్ణుడు మాత్రం అదే కౌరవసేనలో పోరాడి చచ్చిపోయాడు. మెక్‌నమారాకు భీష్ముడి పోలిక మరీ పెద్దరికం ఇచ్చినట్టవుతుందేమో. ఒక తేడా ఉంది. భీష్ముడు ఆ మాటను యుద్ధం మొదలవకముందే, ఎదుటిపక్షంవాడికే చెప్పాడు.

*

మెక్‌నమారా ఇరవయ్యేడేళ్ల తరువాత వివరించిన విషయాన్ని, ఆయన పదవి దిగిన రెండు నెలల లోపే ఒకడు పద్ధెనిమిది రెట్లు తక్కువ నిడివిలో వివరించేశాడు. లెక్క సరిగ్గా కట్టలేదు లెండి, ఉజ్జాయింపుగా చెబుతున్నాను. ఆయన పేరు జేమ్స్ థామ్సన్. తూర్పు ఆసియా చదువుకున్నవాడు, 1961 నుంచి 1966 వరకు విదేశాంగశాఖలోనూ శ్వేతసౌధంలోనూ పనిచేసి బయటకొచ్చినవాడు. 1968 ఏప్రిల్ అట్లాంటిక్ పత్రికలో రాసిన వ్యాసానికి శవపరీక్ష అని ఉపశీర్షిక పెట్టాడు.

అందులో రెండు గమనికలు నాకు అపురూపంగా తోచాయి. ఒకటి, అసమ్మతిని పెంపుడు జంతువుగా మార్చుకోవడం. బాల్‌ను తరిమేయలేదు. సమావేశానికి పిలిచి, రెండవ వైపు వాదించు అన్నారు. ఆయన వాదించాడు. వాదించినందుకు ఆయనకు తృప్తి, విన్నందుకు వాళ్లకు తృప్తి, నిర్ణయం మాత్రం కదల్లేదు. రెండవది ఆయన 'పలుకుబడి ఉచ్చు' అన్న అర్థంలో పెట్టిన పేరు. ఇప్పుడు ఎదురుచెబితే నా మాటకు విలువ పోతుంది, తరువాత ఇంతకన్నా పెద్ద విషయం వచ్చినప్పుడు చెప్పడానికి దాచుకుందాం అని ప్రతివాడూ అనుకుంటాడు. ఆ పెద్ద విషయం ఎప్పటికీ రాదు.

ఈ రెండవ గమనిక మొదటిసారి చదివినప్పుడు పత్రిక మూసి లేచిపోయాను. నేను రెసిడెంటుగా ఉన్న రోజుల్లో, 1990లలో, ఐ.సి.యు.లో ఒక పెద్దాయన ఉండేవాడు. మూత్రపిండాలు, ఊపిరితిత్తులు, కాలేయం ఒక్కొక్కటే చేతులెత్తేశాయి. ప్రతి ఉదయం ఆరోజు అంకెలు చదవడం నా పని. పొటాషియం సరిపడింది, ఆక్సిజన్ నిన్నటికన్నా మేలు, క్రియాటినిన్ తగ్గింది. తగ్గదు మరి, డయాలిసిస్ యంత్రం నడుస్తోంది. తొమ్మిదో రోజున రాత్రి నర్సు అడిగింది, డాక్టర్, ఈయన బాగవుతున్నాడా అని. నేను అంకెలు చెప్పాను. ఆయన బాగవడని నాకు తెలుసు. మర్నాడు రౌండ్సులో పెద్ద డాక్టరుగారు కుటుంబాన్ని నిలబెట్టి, చేయగలిగినదంతా చేస్తున్నాం అన్నారు. నేను పక్కన నిలబడి ఉన్నాను. కార్డియాలజీ ఫెలోషిప్‌కు ఆయన ఉత్తరం నాకు కావాలి. ఇంకా ఎందరో రోగులొస్తారు, అప్పుడు మాట్లాడదామని కూడా అనుకున్నట్టు గుర్తు. పద్నాలుగో రోజున ఆయన పోయాడు. ఈయనకు నొప్పి తెలిసిందా అని భార్య అడిగింది. తెలియలేదన్నాను. అది నిజమో కాదో నాకు తెలియదు. ఉత్తరం వచ్చింది, చాలా బాగా రాశారు.

అందుకని మెక్‌నమారా మీద రాయి విసిరే చేయి నాకు అంత చురుగ్గా లేవదు. అంతమాత్రాన విసరకూడదనీ కాదు.

*

ప్రభుత్వం బయట వ్యతిరేకించినవాళ్ల కథ వేరు. 1964 ఆగస్టు 7న టాంకిన్ సింధుశాఖ తీర్మానానికి ప్రతినిధుల సభలో 416 మంది ఒప్పుకున్నారు, ఒక్కరు కాదనలేదు. సెనేట్‌లో 88 మంది ఔనంటే వేన్ మోర్స్, ఎర్నెస్ట్ గ్రూనింగ్ ఇద్దరే కాదన్నారు. తీర్మానానికి మూలమైన రెండు దాడుల్లో రెండవది అసలు జరగలేదని తరువాత తేలింది. 1968 ఎన్నికల్లో ఆ ఇద్దరూ పదవులు పోగొట్టుకున్నారు. గ్రూనింగ్‌ను సొంత పార్టీ ప్రైమరీలో ఓడించిన మైక్ గ్రావెల్, 1971లో పెంటగాన్ పత్రాలను ఒక ఉపసంఘం ముందు చదివి అధికారిక దస్త్రంలోకి ఎక్కించాడు. చరిత్ర ఒక్కొక్కసారి ఇలా ఒక చేత్తో తీసి ఇంకొక చేత్తో ఇస్తుంది. 1966 ఫిబ్రవరిలో ఫుల్‌బ్రైట్ నడిపిన సెనేట్ విచారణలో జార్జ్ కెన్నన్ వంటి పెద్దమనిషి సాక్ష్యం చెబుతుంటే, సి.బి.ఎస్. దాన్ని ప్రసారం చేయకుండా పాత హాస్య ధారావాహికను మళ్ళీ వేసింది. ఆ వార్తావిభాగం అధిపతి ఫ్రెడ్ ఫ్రెండ్లీ రాజీనామా చేశాడు. ప్రభుత్వం లోపలినుంచి అటువంటి రాజీనామా ఒక్కటి ఆ ఏడాది వచ్చి ఉంటే బాగుండేది. బాల్ కూడా ఆ సెప్టెంబరులో గుట్టుగానే తప్పుకున్నాడు.

మంచి డాక్టరు గురించి మాట్లాడుకుంటున్నాం కనుక అసలు డాక్టర్ల మాట చెప్పాలి. ఆనాడు డాక్టర్లకూ నిర్బంధ సైనికసేవ ఉండేది. దానికి బదులుగా ప్రజారోగ్య శాఖలో చేరి జాతీయ ఆరోగ్య సంస్థల్లో పరిశోధన చేసే వీలు కొందరికి దొరికింది. వాళ్లను ఎగతాళిగా 'పసుపు టోపీలు' అనేవారు. బ్రౌన్, గోల్డ్‌స్టీన్, లెఫ్కోవిట్జ్, వార్మస్ ఆ టోపీలవాళ్లే, తరువాత నలుగురికీ నోబెల్ వచ్చింది. నేను రోజూ రాసే స్టాటిన్‌కూ బీటా బ్లాకర్‌కూ వెనకున్న జ్ఞానంలో చాలాభాగం వియత్నాం వెళ్లకుండా తప్పించుకున్నవాళ్ల చలవే. 1965 అక్టోబరులో వలస చట్టం మారాక మన ముందుతరం తెలుగు డాక్టర్లు ఇక్కడికి రావడం మొదలైంది. గ్రీన్‌కార్డు ఉన్న విదేశీయులకు కూడా సైనిక నిర్బంధం వర్తించేదని వాళ్లలో చాలామందికి ఇక్కడికొచ్చాకే తెలిసింది. నాకు తెలిసిన ఒక పెద్దాయన తన నమోదు కార్డును ఇప్పటికీ పాస్‌పోర్టుల మధ్య దాచుకున్నారు. ఆ రోజుల్లో యుద్ధం గురించి మీరేమనుకునేవారండీ అని అడిగితే, అనుకునేందుకు తీరికెక్కడిది నాయనా, ఒక రాత్రి విడిచి ఒక రాత్రి డ్యూటీ అన్నారు.

అనుకునేందుకు తీరిక చేసుకున్నవాడు కెప్టెన్ హోవర్డ్ లెవీ. సౌత్ కెరొలైనా ఫోర్ట్ జాక్సన్‌లో చర్మవైద్యుడు. గ్రీన్ బెరెట్ దళాలకు చర్మవ్యాధుల చికిత్స నేర్పమని ఆజ్ఞ వచ్చింది. వాళ్లు వైద్యాన్ని జనాన్ని లోబరుచుకునే ఎరగా వాడుతున్నారు, ఇది వైద్యనీతికి విరుద్ధం, నేర్పనన్నాడు. 1967లో సైనిక న్యాయస్థానం మూడేళ్ల శిక్ష వేసింది, 1974లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. పసిపిల్లల పెంపకం మీద అమెరికాలో ఇంటింటా ఉన్న పుస్తకం రాసిన డాక్టర్ బెంజమిన్ స్పాక్‌కు, సైనిక నిర్బంధాన్ని ఎదిరించమని యువకులకు చెప్పినందుకు 1968లో రెండేళ్ల శిక్ష పడింది. పై కోర్టు మరుసటి ఏడు దాన్ని కొట్టేసింది. లెవీ వాదం నాకు పూర్తిగా మింగుడుపడదు. చర్మరోగానికి మందు నేర్పనంటే నష్టపోయేది ఎవరో పల్లెటూరి రోగి కూడా కావచ్చు. కాని మెక్‌నాటన్ వాక్యంలో లేని రోగి లెవీ వాదంలో ఉన్నాడు, ఆ సంగతి కాదనలేను.

వ్యతిరేకించినవాళ్ల మీద నా ఫిర్యాదు ఒకటుంది. వాళ్లలో చాలామంది నిర్ధారణ సరిగా చేశారు, రోగి ఎలా కోలుకుంటాడన్న జోస్యం దగ్గర పొరబడ్డారు. 1975 ఏప్రిల్ 30 తరువాత సైగాన్ నుంచి లక్షలమంది పునర్విద్యా శిబిరాలకూ, పడవల మీద సముద్రంలోకీ వెళ్లారు. గాయని జోన్ బాయెజ్ 1979 మేలో హనోయి ప్రభుత్వాన్ని నిలదీస్తూ బహిరంగలేఖ ప్రచురిస్తే ఉద్యమంలోని పాతమిత్రులే ఆమె మీద విరుచుకుపడ్డారు. మన భాషలోనూ ఇదే జరిగింది. వియత్నాం విజయం మీద తెలుగులో వచ్చిన కవితలు కాలేజీ రోజుల్లో ఎన్ని చదివానో లెక్కలేదు. పడవలెక్కినవాళ్ల మీద ఒక్కటీ నా కంటబడలేదు. యుద్ధం తప్పు అన్న మాట నిలబడటానికి, గెలిచినవాళ్లు దేవతలు కానక్కరలేదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి బాయెజ్‌కు నాలుగేళ్లు పట్టింది. మెక్‌నమారాకు పట్టినన్ని మాత్రం పట్టలేదు.

జాన్ మెక్‌నాటన్ తరువాత ఏమయ్యాడని అడిగే పాఠకులుంటారు. 1966, 67ల్లో ఆయన సొంత అనుమానాలు బాగా పెరిగాయి, యుద్ధాన్ని ఇంకా పెంచవద్దని మెక్‌నమారాకు నచ్చజెప్పినవాళ్లలో ఆయన ఒకడు. 1967 జులై 19న నార్త్ కెరొలైనాలో విమానప్రమాదంలో భార్యతోనూ చిన్నకొడుకుతోనూ చనిపోయాడు. మంచి డాక్టరు మాట లోకానికి తెలిసింది నాలుగేళ్ల తరువాత, 1971 జూన్‌లో, మెక్‌నమారా స్వయంగా రాయించి బీరువాలో పెట్టించిన 47 సంపుటాలు పత్రికలకెక్కినప్పుడు. వాటిని బయటపెట్టిన డానియల్ ఎల్స్‌బర్గ్ ఒకప్పుడు మెక్‌నాటన్ దగ్గర పనిచేసినవాడే.

'ఇన్ రెట్రాస్పెక్ట్' చదవదలచినవారికి నా సలహా ఒకటే. ముందు థామ్సన్ వ్యాసం చదవండి, ఒక సాయంత్రానికి సరిపోతుంది. తరువాత మెక్‌నమారా పుస్తకంలో 1965 జులై మీది అధ్యాయం, మారిసన్ మీది పేజీలు చదివి, చివర అంకెలు వేసిన పాఠాలు వదిలేసినా నష్టం లేదు.